ఆదివారం సంతలో పాత సింగర్ చేతి మిషన్, చక్రం తిరగట్లేదు. కొనొచ్చా?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒకాయన పాత ఫ్యాన్లు, మిక్సీల మధ్య ఒక నల్ల సింగర్ మిషన్ పెట్టుకుని కూర్చున్నాడు. చేత్తో తిప్పేది, కింద చెక్క పీట ఉంది, పైన మూత లేదు. బంగారు రంగు లతలు చాలావరకు చెరగలేదు, కానీ చక్రం అంగుళం కూడా కదలట్లేదు. తొమ్మిది వేలు చెప్తున్నాడు. "1851 నాటిది సార్, బిళ్ల మీద రాసుంది చూస్కోండి" అంటున్నాడు, నిజంగానే ఇత్తడి బిళ్ల మీద ఆ సంఖ్య ఉంది. నాకు కుట్టు రాదు, కానీ ఇనప సామాను విప్పి బిగించడం అంటే పిచ్చి, ఇంతకుముందు పాత సైకిళ్లు చేశాను. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తాను. ఏం చూడాలి, ఎంతకి అడగాలి?

తుప్పు_తాత:
బిళ్ల మీద 1851 ఒక్కటే ఉందా, పక్కన 1951 కూడా ఉందా? నీలం అంచు ఉంటే అది సింగర్ కంపెనీకి వందేళ్లు నిండినప్పుడు వేసిన బిళ్ల. 1851 కంపెనీ పుట్టిన ఏడు, మిషన్ పుట్టిన ఏడు కాదు. అమ్మేవాళ్లందరూ ఈ ఒక్క అంకె చూపించే ధర పెంచుతారు. వాటిని లక్షల్లో తయారు చేశారు, అరుదైనవేం కాదు.

అసలు వయసు బిళ్లలో దొరకదు. మిషన్ అడుగు పలక కుడి వైపు, చక్రానికి దగ్గర, చిన్న గట్టు మీద నంబరు గుద్ది ఉంటుంది. అక్షరం లేకుండా ఉత్త అంకెలే ఉంటే 1900కి ముందుది. వై అక్షరంతో మొదలైతే స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో 1920లు, 30ల్లో చేసింది. మొదట ఇంగ్లిష్ ఈ (E) అక్షరం ఉండి పక్కన ఇంకో అక్షరం ఉంటే అదే ఫ్యాక్టరీ, 1930ల మధ్య నుంచి తర్వాతి కాలం. మోడల్ నంబరు చివర కె ఉండేది కూడా ఆ ఫ్యాక్టరీ గుర్తే, ఆ చోటు పేరు కిల్‌బౌయీ. 1885లో తెరిచారు, 1980లో మూసేశారు.

నంబరు ఫొటో పెట్టు, మిగతాది తర్వాత మాట్లాడదాం.

టైలర్‌బాబాయ్:
బాబూ, నేను తెనాలిలో టైలరింగ్ షాపు నడిపి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను, మా అబ్బాయి ఈ గ్రూపులో చేర్పించాడు. ఏ సంవత్సరందో తర్వాత చూసుకోవచ్చు, ముందు బాబిన్, అదే కింది దారం చుట్టే కండె, ఎలాంటిదో చూడు. ఎడమ చేతి వైపు చిన్న రేకు జరిపితే గుండ్రటి బాబిన్ కేసు కనిపిస్తే అది మామూలు మోడల్, మన దేశంలో నల్ల మిషన్లన్నీ దాని నకళ్లే కాబట్టి సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, బాబిన్, కేసు, సూది, గుడ్డని అదిమి పట్టే పాదం, గుడ్డని జరిపే పళ్లు, అన్నీ లూథియానా నుంచి వస్తాయి, చవగ్గా. అలా కాకుండా ముందు వైపు పొడవాటి రేకులు రెండు జరిగి లోపల పడవ లాంటి షటిల్ ఉండి అందులో సన్నగా పొడుగ్గా బాబిన్ ఉంటే అది ఇంకా పాత రకం, దానికి షటిల్ లేకపోతే కొనకు, మిషన్ కంటే షటిల్ వెతకడానికే ఎక్కువ తిరగాలి. చక్రం తిరక్కపోవడం పెద్ద జబ్బు కాదు. విరిగింది, పగిలింది ఏమైనా ఉందేమో చూడు, అది పెద్ద జబ్బు.

గోదారిగట్టు:
తాత గారూ, బాబాయ్, థాంక్స్. ఆయనకి ఫోన్ చేసి ఫొటోలు తెప్పించుకున్నాను. బిళ్లకి నీలం అంచు ఉంది, 1851–1951 రెండూ ఉన్నాయి. నంబరు ఈ, హెచ్ అక్షరాలతో మొదలైంది. బాబిన్ కేసు గుండ్రంది, ఎడమ వైపే.

తుప్పు_తాత:
అయితే 1951 చుట్టుపక్కలది, 15కె తరగతి. మంచి మిషన్, సాదా మిషన్. ఇంకో పని చెయ్యి. తిరగేసి లోపలి భాగాల మీద సిమాంకో అని ముద్ర ఉందేమో చూడు. సింగర్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీకి పొట్టి పేరు అది. పైన సింగర్ స్టిక్కర్, కింద ఏ ముద్రా లేని పోత ఇనుము, గరుకు అంచులు ఉంటే అది నకలు తలకాయకి (పీట, స్టాండు కాకుండా పై మిషన్‌కి) బంగారు బొమ్మలు అంటించిన సరుకు. ఆన్‌లైన్‌లో ఇలాంటివి బోలెడు.

నకలు చెడ్డదని కాదు, కుట్టేవి చాలా ఉన్నాయి. సింగర్ ధరకి నకలు కొనొద్దు అంటున్నాను, అంతే.

సూదిమొన:
మా అమ్మ ఉషా మిషన్ కూడా చూడ్డానికి అచ్చం ఆ ఫొటోలో ఉన్నట్టే ఉంటుంది. ఇప్పటికీ దాని మీదే జాకెట్లు, ఫాల్స్ కుడుతున్నా (హనుమకొండ). ఇవన్నీ ఒకే మిషనా అసలు?

తుప్పు_తాత:
వేరు మిషన్లే అమ్మా, నమూనా ఒకటి. సింగర్ 15 తరగతి నమూనా మీద పేటెంట్లు అయిపోయాక జపాన్ వాళ్లు చేశారు, మనవాళ్లూ చేశారు. ఉషా కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ తయారీ. అందుకే బాబాయ్ చెప్పినట్టు ఈ సూది ఆ మిషన్‌కీ, ఆ బాబిన్ ఈ మిషన్‌కీ సరిపోతుంది. పాత మిషన్ పిచ్చి ఉన్నవాళ్లకి మన దేశంలో ఉండటమే ఒక అదృష్టం, విడి భాగాల కోసం విదేశాల్లో లాగా వేట అక్కర్లేదు.

ఎడిసన్‌అక్క:
వేట ఇక్కడ సరదాగానే ఉంటుందిలెండి తాత గారూ. న్యూజెర్సీలో ఉంటాను, క్విల్టింగ్ (గుడ్డ ముక్కలు, పొరలు కలిపి దుప్పట్లు కుట్టడం) గుంపులో చేరాక ఈ జబ్బు పట్టుకుంది. ఇక్కడ ముసలివాళ్లు పోయాక ఇంట్లో సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్స్‌లో, పాత బట్టల దుకాణాల్లో మిషన్లు కుప్పలు. పెద్ద బీరువా లాంటి చెక్క టేబుల్‌తో వచ్చేవి ఫ్రీగా తీసుకెళ్లమంటారు, మొయ్యలేక. కానీ సింగర్ 221 అని చిన్నది, ఫెదర్‌వెయిట్ అంటారు, 1933లో వచ్చింది, ఐదు కిలోలే ఉంటుంది, దాని కోసం మాత్రం క్విల్టర్లు కొట్టుకుంటారు, ధర అలాగే ఉంటుంది.

ఇంకో తమాషా, సింగర్ వాళ్ల అమెరికా ఫ్యాక్టరీ మా పక్కనే, ఎలిజబెత్ అనే ఊళ్లో ఉండేది. 1873లో పెట్టారు. మన వాళ్లంతా ఎడిసన్ నుంచి న్యూయార్క్ వెళ్లే రైల్లో ఎలిజబెత్ స్టేషన్ దాటుతూనే ఉంటారు, ఒక్కరికీ తెలీదు.

లక్కీఛాన్స్:
ఫ్రెండ్స్, సింగర్ పాత మిషన్ ఎవరి దగ్గరున్నా అమ్మేయకండి!! సూది ఉండే చోట రెడ్ మెర్క్యురీ (ఎర్ర పాదరసం) ఉంటుందట, ఫోన్ దగ్గర పెడితే సిగ్నల్ కట్ అయితే ఒరిజినల్. మా వాట్సాప్‌లో 50 లక్షలకి కొనే పార్టీ ఉందని వచ్చింది. నంబర్ కావాలంటే మెసేజ్ చేయండి.

తుప్పు_తాత:
వచ్చేశాడు.

ఎడిసన్‌అక్క:
ఇది 2009లో సౌదీలో మొదలైన పుకారు తమ్ముడూ. జనం అమ్మమ్మల మిషన్లు సంతకి పట్టుకొచ్చారు, లక్షల రియాళ్ల దాకా బేరాలు పోయాయి, చివరికి అక్కడి పోలీసులే ఇది అబద్ధమని చెప్పాల్సి వచ్చింది. ఆ ఫోన్ సిగ్నల్ పరీక్ష కూడా అప్పటిదే. సూది పట్టుకునే కడ్డీ ఉక్కు, దాంట్లో నూనె తప్ప ఇంకేం లేదు.

టైలర్‌బాబాయ్:
నా చేతుల్లో ఎన్ని సింగర్లు విప్పి బిగించానో లెక్క లేదు. పాదరసం ఎర్రదీ చూడలేదు తెల్లదీ చూడలేదు. రైస్ పుల్లింగ్ చెంబు, రెండు తలల పాము, ఇరిడియం, ఆ వరసలోదే ఇది కూడా. ముందు అడ్వాన్సు, టెస్టింగ్ ఫీజు అని మన దగ్గరే డబ్బు లాగుతారు.

మోడరేటర్:
పార్టీ ఉంది, నంబర్ ఇస్తా అనే పోస్టులు ఇక తీసేస్తాం. ఈ ఒక్కటీ ఉంచుతున్నాం, కింద జవాబులు నలుగురికీ పనికొస్తాయి కాబట్టి.

లక్కీఛాన్స్:
నేను ఫార్వర్డ్ చేశానంతే అన్నా, ఎందుకంత కోపం. మా ఇంట్లో నిజంగానే ఒకటుంది, నాయనమ్మది, స్టాండుతో. మరి దాన్ని ఎంతకి అమ్మొచ్చు?

తుప్పు_తాత:
కోపం లేదు. కుట్టే స్థితిలో ఉంటే, మీ ఊళ్లో కుట్టు నేర్చుకునేవాళ్లు ఎంతిస్తారో అదే దాని ధర. కుట్టకపోతే పాత ఇనుము వాడు కిలోల్లెక్కన తూస్తాడు. బొమ్మలు చెక్కు చెదరకుండా, చెక్క మూత, తాళం, సామాను పెట్టె అన్నీ ఉంటే సేకరించేవాడు కొంచెం ఎక్కువ పెడతాడు. లక్షలు మాత్రం లేవు. నాయనమ్మదంటున్నావు, అమ్మకుండా బాగు చేయించుకోవచ్చుగా.

కేఫ్‌కుర్రాడు:
స్టాండు ఒక్కటీ ఇస్తావా బ్రో? విజయవాడలో కేఫ్ పెడుతున్నాం, ఇనప కాళ్ల మీద చెక్క పలక వేసి టేబుళ్లు చేయిస్తున్నాం. తలకాయ అక్కర్లేదు, నువ్వే ఉంచుకో.

సూదిమొన:
ఇదే నాకు ఒళ్లు మండే విషయం. స్టాండు తీసుకెళ్తారు, తలకాయ పాత ఇనుముకి పోతుంది. కాళ్లతో తొక్కే మిషన్‌కి స్టాండు లేకపోతే ఇంకేం మిగిలింది?

కేఫ్‌కుర్రాడు:
అక్కా, మేము కొనకపోతే స్టాండు కూడా కరిగించేస్తారు. ఎవరింట్లోనైనా వరండాలో వానకి తడిసి పడున్నవే మాకు దొరుకుతాయి. పనిచేసే మిషన్ విప్పి తీసుకోవట్లేదు.

టైలర్‌బాబాయ్:
ఇద్దరి మాటా నిజమే గానీ, అబ్బాయ్, తలకాయ పట్టేసింది కాబట్టి పనికిరాదు అని నీకు చెప్పేవాడు ఎవడు? పాత సామాను వాడే కదా. వాడికి తలకాయ పనికిరాకపోతేనే లాభం. తీసుకునే ముందు ఒక్కసారి నూనె పోసి రెండ్రోజులు వదిలేయమను. తిరిగిందనుకో, తల వేరు చేయకుండా మొత్తం ఏ కుట్టు నేర్పే చోటుకో అమ్మేయమను. కరెంటు పోయినా నడిచే మిషన్ అది. మన గాంధీ గారు యంత్రాల మీద అంత విరుచుకుపడి కూడా సింగర్ మిషన్ని మాత్రం విడిచిపెట్టారు, 1924లో ఆయన పత్రిక యంగ్ ఇండియాలో వచ్చింది, పనికొచ్చే కొద్ది వస్తువుల్లో ఇదొకటి అని. ఆ మిషన్ మీద కాఫీ కప్పు పెట్టడం నాకు మింగుడు పడదు, నువ్వేం అనుకోకు.

కేఫ్‌కుర్రాడు:
సరే బాబాయ్. తిరిగే తలకాయ ఏదైనా దొరికితే ఇక్కడే పోస్టు పెడతాను, కావాల్సినవాళ్లు తీసుకోండి. పట్టేసినవి మాత్రం నావే.

గోదారిగట్టు:
అందరూ వినండి, కొనేశాను. సిమాంకో ముద్రలు ఉన్నాయి. చక్రం తిరగదు, మూత లేదు, బాబిన్ కేసు లేదు అని ఒక్కొక్కటీ చూపిస్తూ అడిగితే మూడున్నర వేలకి దిగాడు. (బాబిన్ కేసు లేదని ఫొటోల్లో నేను గమనించలేదు, అది ఉండే గూడు మాత్రమే ఉంది. కొత్తది రాణిగంజ్‌లో తెచ్చుకున్నా.) ఇప్పుడు చక్రం సంగతి. ఎక్కడ మొదలెట్టాలి? పక్కింటాయన సుత్తితో మెల్లగా తట్టమంటున్నాడు.

తుప్పు_తాత:
సుత్తిని ఇంకో గదిలో పెట్టి రా.

పోత ఇనుము వంగదు, పగులుతుంది. చక్రాన్ని కటింగ్ ప్లేయర్‌తో తిప్పకు, పొడుగు రాడ్డు పెట్టకు. మొట్టమొదట సూది తీసెయ్, పాదం తీసెయ్, ఎడమ పక్క మూత పలక విప్పు, సూది కింది ప్లేటు విప్పు. షటిల్ గూట్లో దారం ముక్క చుట్టుకుని బిగిసిందేమో చూడు. సగం మిషన్లు అక్కడే పట్టేస్తాయి. జనం పైనంతా నూనె పోసి అక్కడ చూడరు.

గోదారిగట్టు:
ఉంది! ఎర్ర దారం, పక్కన ఏదో నల్లటి బంక, పీచు కలిసిపోయి ఉంది. చిమటాతో లాగేశాను. చక్రం ఒక వెంట్రుకవాసి కదిలి మళ్లీ ఆగింది. ఆ బంక అన్ని చోట్లా ఉంది, గోరుతో గీకితే మైనంలా వస్తోంది, కొంచెం కొబ్బరి వాసన.

టైలర్‌బాబాయ్:
హహ్హా. కొబ్బరి నూనె! ప్రతి ఇంట్లోనూ ఇదే. మిషన్ ఆయిల్ డబ్బా అయిపోతే తలకి రాసుకునే సీసా తెచ్చి పోసేస్తారు. ఆ పూటకి బ్రహ్మాండంగా తిరుగుతుంది, చలికాలం వస్తే గడ్డకడుతుంది, ఏళ్లు గడిస్తే బంక అవుతుంది. వేరుశనగ నూనె, నువ్వుల నూనె ఇంకా ఘోరం. తినే నూనె ఏదైనా మిషన్‌కి విషమే.

తుప్పు_తాత:
బంకని కరిగించడానికి కిరోసిన్ పాత మందు, ఇప్పుడు రేషన్‌లో రావట్లేదు కాబట్టి దొరికితే అదృష్టం. లేకపోతే పెయింటు షాపులో టర్పెంటైన్. రెంటిలో ఏదైనా చిన్న సిరంజిలోకి తీసుకుని నూనె చిల్లుల్లోకి, ఇనుము ఇనుముతో రాసుకునే ప్రతి కీలు దగ్గరా చుక్కలు చుక్కలుగా వెయ్యి. నల్ల రంగు మీద పడనివ్వకు, పడితే వెంటనే తుడువు. ఒక రాత్రి వదిలెయ్. మర్నాడు చక్రాన్ని ముందుకీ వెనక్కీ చేత్తోనే ఆడించు, ఎంత కదిలితే అంతే. కదలకపోతే మళ్లీ చుక్కలు. బంక మరీ గట్టిగా ఉన్నచోట జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో వేడి చెయ్యొచ్చు, కానీ జాగ్రత్త: కిరోసిన్ గానీ టర్పెంటైన్ గానీ తడిగా ఉన్నప్పుడు డ్రయ్యర్ ముట్టుకోకు, అంటుకుంటుంది. ఒక రోజు మందు, పూర్తిగా ఆరాక ఇంకో రోజు వేడి.

అంతా తిరిగాక ఆ కిరోసిన్ మొత్తం తుడిచేసి అసలైన మిషన్ ఆయిల్ వెయ్యాలి. కిరోసిన్ కడుగుతుంది, నూనెలా పనిచెయ్యదు. స్ప్రే డబ్బాల్లో వచ్చే తుప్పు వదిలించే మందు కూడా అంతే, వదలడానికి సరే, అదే నూనె అనుకుని వదిలేస్తే మళ్లీ పట్టేస్తుంది.

సూదిమొన:
నాదొక చిన్న మాట. విప్పే ప్రతి స్క్రూకి ముందు ఫోన్‌తో ఫొటో తియ్యండి. దారానికి టెన్షన్ (బిగువు) ఇచ్చే భాగంలో చిన్న స్ప్రింగు, గుండ్రటి పలకలు రెండు, పైన నట్టు, అన్నీ ఒక వరసలో ఉంటాయి. స్ప్రింగు ఎగిరి మంచం కిందకి పోయిందంటే ఆ రోజు పండగే. పెద్ద పళ్లెంలో గుడ్డ పరిచి దాని మీద విప్పండి, గుడ్డ మీద పడితే దొర్లవు.

గోదారిగట్టు:
తిరుగుతోంది!!! శబ్దం కూడా లేదు, గాలిలో తిరుగుతున్నట్టు. మా అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే "ఇంతకీ కుడుతుందా" అంది. అదొక్కటే అడిగింది.

ఇంకో సమస్య, చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి స్క్రూ వదులు చేస్తే బాబిన్ చుట్టేటప్పుడు సూది ఆగాలట కదా, ఎంత వదులు చేసినా సూది కూడా కదులుతోంది.

తుప్పు_తాత:
ఆ స్క్రూ విప్పితే లోపల చెవులున్న వాషర్ ఉంటుంది. ఇంతకుముందు ఎవరో తిరగేసి పెట్టి ఉంటారు. తీసి సగం తిప్పి పెట్టు. చిన్న స్క్రూ ఒకటి పెద్ద స్క్రూ అంచులో ఉంటుంది, దాన్ని ముందు తియ్యాలి, లేకపోతే పెద్దది రాదు. బలవంతం చెయ్యకు. చక్రం బయటికి తీశావు కాబట్టి లోపలి గొట్టం కూడా శుభ్రం చెయ్యి, అక్కడ కూడా కొబ్బరి ఉంటే చక్రం, కడ్డీ అతుక్కుపోయి ఎంత వదులు చేసినా కలిసే తిరుగుతాయి.

ఎడిసన్‌అక్క:
బాడీ శుభ్రం చేసేటప్పుడు బంగారు లతల గురించి చెప్తా, ఇక్కడ చాలామంది అక్కడే పాడు చేస్తారు. ఆ బొమ్మల మీద పలచగా పారదర్శకమైన పూత ఉంటుంది. స్పిరిట్, శానిటైజర్, గాజు తుడిచే స్ప్రే, అమ్మోనియా ఉన్న ఏ ద్రవమైనా తగిలిందంటే ఆ పూత కరిగిపోతుంది, బంగారం వెండి రంగుకి తిరిగి తర్వాత ఊడిపోతుంది. మెత్తని పాత బనియన్ గుడ్డకి మిషన్ ఆయిలే రాసి మెల్లగా రుద్దండి. మురికి నల్లగా గుడ్డకి వస్తుంది. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ముందు కనపడని మూల ఒక చోట పరీక్ష చేసి చూడండి.

లక్కీఛాన్స్:
ఇత్తడి బిళ్లకి పీతాంబరి పౌడర్ పెట్టి తోమొచ్చా? లేదా చింతపండు? (నాయనమ్మ మిషన్ కిందకి దించాను)

ఎడిసన్‌అక్క:
దించావా, శభాష్. పౌడర్ వద్దు, గీతలు పడతాయి, నీలం అంచు ఉన్న బిళ్ల అయితే ఆ రంగు కూడా పోతుంది. చింతపండు పులుసు పక్కకి కారి నల్ల రంగు మీద పడుతుంది. కొంచెం మసకగా ఉన్నా వదిలెయ్.

గోదారిగట్టు:
బాబాయ్, కుట్టి చూశాను. పైన కుట్టు బాగానే కనపడుతోంది, కింద వైపు మాత్రం దారం గూడు కట్టినట్టు గుంపులుగా వస్తోంది. కింద సమస్య కాబట్టి బాబిన్ కేసు స్క్రూ బిగించాను, తగ్గలేదు. కొత్త బాబిన్ కేసు బాలేదేమో, మార్చాలా?

టైలర్‌బాబాయ్:
మార్చకు. కొత్తగా కుట్టేవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు. కింద గుంపులు కట్టిందంటే తేడా పై దారంలో ఉంటుంది. పై దారం టెన్షన్ పలకల మధ్యకి పోకుండా పక్కనుంచి వచ్చేసి ఉంటుంది, దాన్ని పట్టుకుని ఆపేది ఎవరూ లేక అదంతా కిందకి పోయి గుంపు అవుతుంది. అలాగే కింద కుట్టు సరిగ్గా ఉండి పైన తీగలా తేలితే అప్పుడు పై టెన్షన్ ఎక్కువైనట్టు. నువ్వు ముందు పాదాన్ని పైకి ఎత్తు, అప్పుడు పలకలు తెరుచుకుంటాయి, అప్పుడు దారం ఎక్కించు. పాదం దించి దారం లాగి చూడు, గట్టిగా ఆపినట్టు ఉండాలి. ఉండకపోతే పలకల మధ్య తుప్పో పీచో అడ్డంగా ఉంది, పలచటి గుడ్డ దూర్చి తుడువు.

బాబిన్ కేసు స్క్రూ నువ్వు కదిపావు కాబట్టి మళ్లీ సరిచేయాలి. బాబిన్‌తో సహా కేసుని దారం పట్టుకుని గాల్లో వేలాడదియ్. దాని బరువుకి అదే జారకూడదు, చెయ్యి కొంచెం ఎగరేస్తే కాస్త జారి ఆగాలి. జర్రున జారితే బిగించు, కదలకపోతే వదులు చెయ్యి, స్క్రూ పావు చుట్టు కూడా అక్కర్లేదు, గడియారం ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత చాలు.

సూది ఏది పెట్టావు? పాత మిషన్‌తో వచ్చిన సూదే పెట్టావా?

గోదారిగట్టు:
అదే పెట్టాను. చూడ్డానికి బాగానే ఉంది.

సూదిమొన:
అయ్యో, ముందు అది మార్చండి. మొన అరిగిపోయిన సూది కంటికి తెలీదు, కుట్టు వదిలేస్తుంది. మామూలు కాటన్‌కి 14 నంబరు, మందం గుడ్డకి 16. ఇంట్లో మిషన్‌కి ఒక వైపు చదునుగా ఉండే సూది కావాలి, షాపుల్లో ఫ్యాక్టరీ మిషన్లకి వాడే గుండ్రటి సూది పెడతారు ఒక్కోసారి, అది వద్దు.

టైలర్‌బాబాయ్:
సూదికి ఒక వైపు పొడుగు గాడి ఉంటుంది, దారం ఎప్పుడూ ఆ గాడి ఉన్న వైపు నుంచే ఎక్కాలి. ఎటు నుంచి ఎక్కించాలో తెలియకపోతే గోరు పెట్టి తడుము, తెలుస్తుంది. తిరగేసి పెడితే ఒక్క కుట్టు కూడా పడదు, మిషన్ చెడిపోయిందని రిపేరు వాడి దగ్గరకి పరిగెడతారు. ఇంకోటి, బాబిన్ కేసు లోపలికి నెట్టేటప్పుడు టక్ మని వినపడాలి. వినపడలేదంటే కూర్చోలేదు, సూది దాన్ని కొట్టి విరుగుతుంది.

గోదారిగట్టు:
సూది మార్చాను, పాదం ఎత్తి దారం ఎక్కించాను. బాబాయ్, మీరు దేవుడు. పాత లుంగీ ముక్క మీద వరసగా కుట్లు, పైనా కిందా ఒకేలా. ఫొటో పెడుతున్నా. తిన్నగా రావట్లేదు గానీ అది మిషన్ పాపం కాదు.

తుప్పు_తాత:
బాగుంది. తెల్ల దారం, నల్ల దారం పైనా కిందా వేరువేరుగా వేసి కుడితే ఏది ఎటు లాగుతోందో ఇంకా బాగా తెలుస్తుంది.

లక్కీఛాన్స్:
నాయనమ్మ మిషన్ చక్రం తిరుగుతోంది కానీ తొక్కితే తల తిరగట్లేదు, బెల్టు జారుతోంది. తోలు బెల్టు ఎండిపోయి పగుళ్లు వచ్చాయి. దానికి మోటారు పెట్టించేయనా, కాళ్లు నొప్పి ఉండదు కదా?

సూదిమొన:
మా అమ్మ మిషన్‌కి చిన్న మోటారు పెట్టాం, గబగబా జాకెట్లు కుట్టాలంటే సుఖమే. కానీ తిప్పడం తెలియనివాళ్లకి మొదట్లో పరిగెత్తేస్తుంది, వేలి మీదకి వస్తుంది. నేర్చుకోవడానికి తొక్కేదే మంచిది. బెల్టు మార్చు ముందు.

తుప్పు_తాత:
తోలు బెల్టు కుట్టు మిషన్ సామాన్ల కొట్టులో దొరుకుతుంది, మందం ఐదు మిల్లీమీటర్ల చిల్లర ఉంటుంది. ఇనప కొక్కెంతో కలుపుతారు. కొన్న రోజున కాస్త బిగుతుగా కత్తిరించు, వారం రోజుల్లో సాగుతుంది, అప్పుడు ఇంకో అరంగుళం కత్తిరించు. ముందే వదులుగా కత్తిరిస్తే ఇక చెయ్యగలిగేది ఏమీ ఉండదు. తొక్కుడు పలక కింద బోల్టు మొనలు, పెద్ద చక్రం ఇరుసు, అక్కడ కూడా నూనె. జనం తలకాయకి పోసి కాళ్లని మర్చిపోతారు.

కేఫ్‌కుర్రాడు:
ఒక తలకాయ ఉంది, తిరుగుతోంది! మాట ఇచ్చాను కదా. తొక్కుడు మిషన్‌ది, చక్రానికి చువ్వలు లేవు, మొత్తం ముద్దగా ఉంది. దీనికి చేతి హ్యాండిల్ బిగించుకోవచ్చా, ఎవరో అడుగుతున్నారు.

తుప్పు_తాత:
ఈ చక్రంతో కుదరదు. హ్యాండిల్‌కి ఉండే వేలు చక్రం చువ్వల మధ్యలోకి దూరి తిప్పుతుంది. చువ్వలున్న చక్రం ఒకటి కొని మార్చితే అవుతుంది, 15 తరగతి కాబట్టి దొరుకుతుంది. వెనక హ్యాండిల్ బిగించే గట్టు, దానికి స్క్రూ చిల్లు ఉందో లేదో ముందు చూడమను. కొన్ని పాత తలకాయలకి అది ఉండదు.

ఎడిసన్‌అక్క:
గోదారిగట్టు తమ్ముడూ, ఇప్పుడు ఏం కుడతావు మరి? ఊరికే షోకేసులో పెట్టేస్తే మళ్లీ పట్టేస్తుంది, చెప్తున్నా. నెలకోసారైనా తిప్పు.

గోదారిగట్టు:
కూరగాయల సంచులు అక్కా, పాత జీన్స్ ప్యాంట్లతో. రెండు పొరల మీద 16 నంబరు సూదితో వెళ్తోంది, నాలుగు పొరలు వచ్చిన చోట చేత్తో మెల్లగా తిప్పుతున్నా. మూత మాత్రం ఇంకా దొరకలేదు, వంపు తిరిగిన చెక్క మూత. వడ్రంగిని అడిగితే ఆ వంపుకి మిషన్ కంటే ఎక్కువ చెప్పాడు. ఎవరి దగ్గరైనా విడిగా ఉందా?

టైలర్‌బాబాయ్:
మూత విడిగా దొరకడం కష్టం బాబూ. జుమ్మేరాత్ బజార్ వైపు ఒక గురువారం వెళ్లి చూడు, పీటకి కొలత తీసుకెళ్లు, చేతి మిషన్లలో పెద్దది ఒక కొలత, చిన్నది ఒక కొలత, పైకి చూస్తే ఒకేలా ఉంటాయి. తాళం చెవి కూడా అడుగు. దొరికేదాకా మందం గుడ్డతో గలీబు కుట్టి కప్పెయ్, మిషన్ ఎలాగూ నీ దగ్గరే ఉందిగా.